బొగ్గుగుట్టల్లో మొలకల మాసం

గదిలో అడుగుపెట్టి తలెత్తి చూస్తే గుండె ఝల్లుమంటుంది. పైకప్పు నుంచి మనుషులు వేలాడుతున్నట్టే ఉంటుంది! తేరిపార చూస్తే... అవి గని కార్మికుల బట్టలు. పనిలోకి దిగేముందు ఇంటి బట్టలను కొక్కేలకు తగిలించి గొలుసులతో పైకి లాగేసేవారట. ఉత్తర ఫ్రాన్స్‌లో లెవార్డ్ గని మ్యూజియం ఇది. 1971లో మూతపడ్డ గనిని 1984లో సందర్శకుల కోసం తెరిచారు.

ఎమిలీ జోలా 'జెర్మినల్' నవల చదివినవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన ప్రాంతం. 1884 ఫిబ్రవరిలో అంజాఁ గనుల్లో సమ్మె మొదలవగానే జోలా పారిస్ నుంచి వచ్చి ఇక్కడ వాలిపోయాడు. కార్మికుల ఇళ్లు చూశాడు, గనిలోకీ దిగాడు. మరుసటి ఏడాదికల్లా నవల వచ్చేసింది. అందులో సమ్మె సైనికుల తూటాల ముందు ఓడిపోతుంది.

ఆ నవల్లో బీరు దుకాణమే రాజకీయ బడి. ఏతియెన్‌ది సోషలిస్టు ఆవేశం. చదివిన పుస్తకాలు బుర్రలో సగమే అరిగాయి. దుకాణం యజమాని రాసెనర్‌ది కొద్దికొద్దిగా సాధిద్దామనే ధోరణి. రష్యా నుంచి వచ్చిన సువారిన్ మాత్రం ఒళ్లో కుందేలును నిమురుతూ, పాతదంతా తగలబడాలంటాడు! కాలేజీ వయసులో చదివితే నచ్చేది అతనే. రాజీ లేదు, స్వార్థం లేదు. కానీ... అతను గని బావి గోడకట్టును చాటుగా కోసేశాక నీళ్లు ముంచెత్తింది ఎవరిని? కంపెనీ పెద్దలు పారిస్‌లో క్షేమం. మునిగింది ఆ పొద్దున పనిలోకి దిగిన కూలీలు. వాళ్లలో ఒకమ్మాయి, కాథరీన్, చీకట్లో ఆకలితో ప్రాణం విడుస్తుంది. లెవార్డ్‌లోని నమూనా సొరంగాల్లో నడుస్తుంటే సువారిన్ మీద మోజు సగం దిగిపోతుంది.

రాసెనర్‌ను జోలా కాస్త చులకన చేశాడేమో! అంజాఁ సమ్మె నాయకుడు ఎమిల్ బాస్లీ కూడా గనిలో పని పోయి బీరు దుకాణం పెట్టుకున్నవాడే. 56 రోజుల సమ్మె ఓడింది, నిజమే. అయితే అది నడుస్తుండగానే, మార్చి 21న, ఫ్రాన్స్‌లో కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. బాస్లీ 1885లో పార్లమెంటుకు వెళ్లాడు, 1900లో లాఁస్ పట్టణానికి మేయరయ్యాడు. మరి ఏతియెన్ లాంటివాళ్లు జనాన్ని కదిలించకపోతే బాస్లీల మాట ఎవరు వింటారు? దీనికి నవల్లోనూ తేలిగ్గా జవాబు దొరకదు.

జెర్మినల్ అంటే ఫ్రెంచి విప్లవ క్యాలెండర్లో మొలకలెత్తే మాసం. 1902లో జోలా అంతిమయాత్రలో గని కార్మికులు ఆ ఒక్క మాటనే నినాదంగా అరుస్తూ నడిచారు.

ఈ ప్రాంతంలో చివరి గని 1990లో మూతపడింది. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తవ్విపోసిన నల్లగుట్టల మీద ఇప్పుడు చెట్లు పెరిగాయి. పారిస్ నుంచి డువేకు రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. అక్కడికి లెవార్డ్ దగ్గరే. వీలుంటే అరెన్‌బర్గ్ గనీ చూసి రండి. 1993లో వచ్చిన 'జెర్మినల్' సినిమా షూటింగ్ జరిగింది అక్కడే!