సంచి చిరిగితే తిండి చిరిగినట్టే

"కవర్ చిరిగితే ఏమైంది, లోపల సరుకు బానే ఉందిగా!" మన ఇళ్ళల్లో ఈ మాట వినని వాళ్ళుండరు. సబ్బు పెట్టె నలిగినా, పుస్తకం అట్ట మడత పడినా ఆ మాట ఒప్పుకోవచ్చు. కుక్కలకి, పిల్లులకి ఆన్‌లైన్‌లో తెప్పించే గింజల తిండి దగ్గర మాత్రం అది చెల్లదు. ఎందుకు చెల్లదో, చెల్లనప్పుడు ఏం చెయ్యాలో ఈ వర్షాకాలం సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు జరిగిన సంగతితో చెప్తాను. హాస్టల్ వెనక కుక్కలకి చందాలేసుకుని తిండి తెప్పించే బ్యాచ్ మన కాలేజీలోనూ ఉంది కాబట్టి పనికొస్తుందనే నమ్మకం.

మాది అమలాపురం. మా ఇంట్లో పదకొండేళ్ళ పమేరియన్ ఉంది. దాని పేరు పులి. పేరు పెట్టింది మామ్మ. బల్లిని చూసినా మంచం కిందకి దూరే ఆ పులికి పోయిన ఏడాది కిడ్నీ జబ్బు బయటపడింది. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, ఇకమీదట ఫాస్ఫరస్ తక్కువ ఉండే కిడ్నీ డైట్ మాత్రమే పెట్టమని పశువుల డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. ఆ రకం మా ఊళ్ళో దొరకదు. రాజమండ్రి వెళ్ళి రావాలంటే ఒక పూట పని. అందుకే నెలనెలా 2 కిలోల సంచి ఆన్‌లైన్‌లో తెప్పిస్తాం. ఖరీదు 2,000 రూపాయలు దాటుతుంది. ఆ డబ్బు మామ్మ తన పింఛనులోంచి ఇస్తుంది. నాన్న వద్దన్నా వినదు.

జులైలో వచ్చిన పార్సిల్ అట్టపెట్టె ఒక మూల నాని మెత్తబడి ఉంది. వరండాలోనే విప్పాం. లోపల సంచి అడుగున అతుకు దగ్గర నాలుగు వేళ్ళ మేర విచ్చుకుని ఉంది. విచ్చుకున్న చోట ఎవరో గోధుమరంగు టేపు అంటించారు. ఆ టేపు అంచుకి దుమ్ము, గింజల పొడి పట్టి నల్లబడింది. అట్టపెట్టెకి మాత్రం తళతళలాడే కొత్త టేపు. అంటే దారిలో ఎక్కడో ఎవరో ఆ చిరుగు చూశారు. చూసి, అతికించి, ముందుకి తోసేశారు.

డెలివరీ అబ్బాయి వానకోటు నీళ్ళు కారుతుంటే గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆయ్, నాకేం తెల్దండి. హబ్బులో సీలేసిన పెట్టె ఇచ్చారండి, ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చానండి" అన్నాడు. మామ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపి, నావైపు తిరిగి, "ఏమే, చిరుగు దగ్గర నాలుగు గింజలు తీసి పారేసి మిగతాది డబ్బాలో పోసేద్దాం. రెండు వేలే తల్లీ!" అంది.

నేను కెమికల్ మూడో సంవత్సరం. మాస్ ట్రాన్స్‌ఫర్‌లో ఫిక్ సూత్రం మనందరికీ ఐదు మార్కుల ప్రశ్న. గాఢత ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి అణువులు నడుస్తూనే ఉంటాయి. మధ్యలో మంచి పొర అడ్డుంటే నెలల తరబడి నత్తనడక. కన్నం ఉంటే బార్లా తెరిచిన తలుపే. ఆ సంచి ఒట్టి కవర్ కాదు. సాధారణంగా బయట బొమ్మలు అచ్చువేసే పాలిస్టర్ పొర, మధ్యలో అల్యూమినియం రేకో, అల్యూమినియం పూత పూసిన పొరో, లోపల వేడికి అతుక్కునే పాలిథిన్ పొర ఉంటాయి. మధ్య పొర గాలిని, తేమని ఆపుతుంది. లోపలి పొర మూతిని మూస్తుంది. అతుకు విచ్చుకుంటే మిగతా పొరలు ఎంత గట్టివైనా లాభం లేదు.

ఇక గింజల తయారీ సంగతి. పిండిని ఎక్స్‌ట్రూడర్‌లో వేడి మీద ఉడికించి, అచ్చులోంచి తోసి, ముక్కలుగా కోసి, తేమ సుమారు 10 శాతానికి దిగేదాకా ఆరబెడతారు. ఆ తర్వాత రుచి కోసం, బలం కోసం పైన కొవ్వు జల్లుతారు. అంటే కొవ్వులో ఎక్కువ భాగం గింజ పైనే, గాలికి ఎదురుగానే ఉంటుంది. సంచిలోకి ఆక్సిజన్ జొరబడితే ముందు తగిలేది దానికే. కొవ్వు చెడితే పెరాక్సైడ్లు, ఆ తర్వాత పాత నూనె వాసన కొట్టే ఆల్డిహైడ్లు తయారవుతాయి. కొన్ని విటమిన్లు కూడా దెబ్బతింటాయి.

ఇదంతా మామ్మకి ఎలా చెప్పాలి? వంటింట్లో గోడకి జంతికల గొట్టం వేలాడుతోంది. అదీ చేత్తో నొక్కే ఎక్స్‌ట్రూడరే కదా!

"మామ్మా, జంతికల డబ్బా మూత వదులైతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, మెత్తబడి నూనె వాసనొస్తాయి."

"పై నాలుగూ తీసేస్తే కింద ఉన్నవి బావుంటాయా?"

మామ్మ మాట్లాడలేదు. సంచి దగ్గరికి వంగి వాసన చూసింది. "నాకేం తెలీట్లేదే" అంది. నాకూ తెలియలేదు. కానీ మొదట్లో వాసన రాదు. పైగా కంటికీ ముక్కుకీ దొరకని ప్రమాదం ఇంకొకటుంది, బూజు. తేమ తగిలిన తిండి మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ జాతి బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. అసలు ఈ విషం మనిషికి తెలిసిందే మేత వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోడిపిల్లలు వరసగా చచ్చిపోతుంటే కారణం అంతుబట్టక దానికి 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. చివరికి దోషం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క మేతలో ఉందని తేలింది. ఆ వెతుకులాటలోనే అఫ్లాటాక్సిన్ బయటపడింది.

గోదాముల్లో ఎలుకల సంగతి సరేసరి. ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కలకీ మనుషులకీ కూడా వస్తుంది. అది దెబ్బతీసేది ముఖ్యంగా కిడ్నీల్ని, కాలేయాన్ని. మా సంచిలో బూజు ఉందనో, ఎలుక తాకిందనో నేననను. లేదని చెప్పగలిగే ఒకే ఒక్క సాక్ష్యం చెక్కుచెదరని సీలు. అదే పోయింది. ఇప్పటికే కిడ్నీలు సగం పనిచేస్తున్న కుక్క మీద ఆ పరీక్ష పెట్టలేం కదా.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, వేరే సంచి దొరికేదాకా ఉప్పు లేకుండా మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన ఎంతెంత పెట్టాలో చెప్పారు. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, అందుకని తెల్లసొన మాత్రమే. పులి మొదటి పూట మూతి తిప్పుకుంది. రాత్రికి తినేసింది.

తర్వాత మొదలైంది అసలు కథ. యాప్‌లో ఆర్డర్ తెరిస్తే, 'ఈ వస్తువుకి రిటర్న్ వర్తించదు' అని ఉంది. చాట్‌లో మొదటి మనిషి 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఆ పాలసీనే మళ్ళీ పంపాడు. రెండో మనిషి 'తిండి బయటికి పోలేదు కదా, బరువు సరిపోయింది కదా' అన్నాడు. మూడో మనిషి మాత్రం చాలా మర్యాదగా ఒక దారి చూపించింది. "డెలివరీ ఏజెంట్ పార్సిల్‌ని నిర్లక్ష్యంగా తెచ్చారని మీరు నిర్ధారిస్తే రీఫండ్ వెంటనే ప్రాసెస్ చేయగలను."

ఒక్క 'అవును' చాలు. రెండు వేలు వెనక్కి వస్తాయి. ఆ ఒక్క మాటతో వానలో తడిసి మజ్జిగ తాగి వెళ్ళిన అబ్బాయి రేటింగ్ పోతుందో, ఆ రోజు కూలే పోతుందో, పనే పోతుందో నాకు తెలీదు. అతను పెట్టె తడిపాడేమో అనుకుందామన్నా, టేపు మీద దుమ్ము కథ వేరేగా చెప్తోంది. నేను మామ్మని అడిగాను. పింఛను డబ్బు ఆవిడది కదా. "ఆ పిల్లాడేం చేశాడే? అతికించినోడెవడో వాణ్ణి అడగమను" అంది. 'కాదు, చిరుగు డెలివరీ కన్నా ముందుదే, ఫోటోలు చూడండి' అని టైప్ చేశాను. చాట్ ముగిసిపోయింది.

అప్పుడు చట్టం వెతికాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, 2020 జులైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం లోపం ఉన్న సరుకుని వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి అమ్మకందారుకి వీల్లేదు. 'రిటర్న్ లేదు' అని పాలసీలో రాసుకున్నా లోపం ఉన్న సరుకు సంగతి వేరు. ప్రతి ఈ-కామర్స్ సంస్థా గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఆ ఆఫీసర్ ఈమెయిల్ దొరికింది.

మెయిల్ పన్నెండు లైన్లే. ఆర్డర్ నంబరు, తేదీ, ఏం వచ్చింది, ఏం కావాలి. ఏడు ఫోటోలు జత చేశాను. పెట్టె ఆరువైపులా కనిపించేలా రెండు, అడ్రస్ లేబుల్, చిరుగు దగ్గరనుంచి, పాత టేపు పక్కన కొత్త టేపు కలిసొచ్చేలా ఒకటి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ. చివర ఒక లైన్ కలిపాను: 'ఈ నష్టానికి డెలివరీ చేసిన వ్యక్తి కారణమని నేను అనడం లేదు.' మర్నాడు ఫిర్యాదు నంబరు వచ్చింది. ఐదో రోజు డబ్బు వచ్చింది. సంచి ఎక్కడ చిరిగిందో, ఎవరు అతికించారో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. తర్వాత నెల అదే అబ్బాయి కొత్త సంచి తెచ్చి, "చూస్కోండి మామ్మగారూ, నేనిక్కడే ఉంటాను" అని గుమ్మంలో నిలబడ్డాడు.

చిరిగిన సంచి ఏం చెయ్యాలన్నది ఇంకో పేచీ. మామ్మ వీధి కుక్కలకి వేద్దామంది. పులికి పనికిరానిది వాటికి మాత్రం ఎలా పనికొస్తుంది? జబ్బు చేస్తే వాటిని ఏ డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? ఫిర్యాదు తేలేదాకా సాక్ష్యంగా ఉంచి, డబ్బు వచ్చాక పెరట్లో కొబ్బరి చెట్టుకి దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చేశాం.

మీకూ ఇలాంటిది జరిగితే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. పార్సిల్ విప్పేముందు వీడియో మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి. చిరుగు అంచు చూడండి. గీత గీసినట్టుంటే బ్లేడు, పళ్ళ గాట్లలా ఉంటే ఎలుక, అతుకు విచ్చుకుంటే నొక్కుడో, కింద పడెయ్యడమో అయ్యుండొచ్చు. తిండిని వేరే డబ్బాలోకి మార్చకండి. బ్యాచ్ నంబరున్న సంచిని పారెయ్యకండి. చాట్‌లో తేలకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే కేసు వెయ్యడానికి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి.

ఇంకొకటి. 'ఎవరిది తప్పు' అని యాప్ అడిగినప్పుడు మీరు చూసింది మాత్రమే రాయండి. వాళ్ళు నింపమన్న ఖాళీలో గుమ్మంలో నిలబడ్డ మనిషి పేరు నింపకండి.

ఫిర్యాదు ఎలా రాయాలో తోచకపోతే శనివారం సాయంత్రం మన క్లబ్ రూమ్‌కి రండి. కవితలు దిద్దుకుంటాం కదా, పన్నెండు లైన్ల మెయిల్ దిద్దలేమా!