నడవగలిగే అమ్మకి వీల్‌చైర్ ఎందుకు?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి గన్నవరం నుంచి బయల్దేరే అమ్మానాన్నలు చాలామందికి ఢిల్లీ మధ్యలో ఒక మజిలీ. టికెట్‌లో చూస్తే మూడు నాలుగు గంటల గ్యాప్, అంతే. కానీ పిల్లలు ఫోన్‌లో గంటలు గంటలు జాగ్రత్తలు చెప్పేది ఆ గ్యాప్ గురించే. పదిహేను గంటలు విమానంలో కూర్చోవడం అంటే ఎవరికీ అంత భయం లేదు. కూర్చుంటే అదే తీసుకెళ్తుంది. భయమంతా కింద నేల మీద ఉన్నంతసేపే!

ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో అందరూ టీ3 అని పిలిచే మూడో టెర్మినల్‌ని 2010లో, కామన్వెల్త్ క్రీడలకి ముందు తెరిచారు. ఏడాదికి 3.4 కోట్ల మంది కోసం కట్టారు. 168 చెక్‌ఇన్ కౌంటర్లు, 78 ఏరోబ్రిడ్జిలు. ఇమిగ్రేషన్ హాల్లో గోడ మీద పెద్ద పెద్ద రాగి పళ్లేలు, వాటి ముందు నాట్యముద్రలు పట్టిన చేతులు. అక్కడ ఫొటో తీసుకోని వాళ్లు తక్కువ. అందానికి వంక పెట్టలేం. తంటా అంతా దారి దగ్గరే.

ఇక్కణ్నుంచి విదేశానికి వెళ్లాలంటే ఎన్ని చోట్ల నిలబడాలో లెక్కేయండి. తలుపు దగ్గర టికెట్, ఐడీ చూపించాలి. చాలా దేశాల్లో టికెట్ లేకపోయినా టెర్మినల్లోకి నడిచి వెళ్లిపోవచ్చు. మన దగ్గర గుమ్మంలోనే మొదటి క్యూ. తర్వాత చెక్‌ఇన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, చివరికి బోర్డింగ్ గేట్. మొత్తం ఐదు. ఈ ఐదింటిలో నాలుగు చకచకా నడిచినా లాభం లేదు. ఒక్కటి నెమ్మదిస్తే మొత్తం అక్కడే ఆగిపోతుంది. పొలానికి ఎంత పెద్ద కాలువ తవ్వినా నీళ్లు తూము వెడల్పుని బట్టే కదా పారేది!

2022 డిసెంబర్‌లో ఆ తూము ఎంత సన్నగా ఉందో దేశమంతా చూసింది. టీ3 బయట రోడ్డు దాకా జనం, లోపల సెక్యూరిటీ దగ్గర అడుగు వేసే చోటు లేదు. సోషల్ మీడియా నిండా ఆ ఫొటోలే. దేశీయ విమానమైనా సరే మూడున్నర గంటల ముందు రమ్మని, చేతిలో ఏడు కిలోల బ్యాగు ఒక్కటే తెచ్చుకోమని ఒక విమానసంస్థ ప్రయాణికులకి చెప్పింది. రెండు గంటల ప్రయాణానికి మూడున్నర గంటల నిరీక్షణ! అప్పటి విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా డిసెంబర్ 12న స్వయంగా వెళ్లి చూశారు.

ఆ తర్వాత జరిగింది గమనించండి. కొత్త భవనమేమీ కట్టలేదు. అదనంగా ప్రవేశ ద్వారాలు తెరిచారు. ఎక్స్‌రే మెషీన్లు పెంచారు, సిబ్బందిని పెంచారు. రద్దీ వేళల్లో బయల్దేరే విమానాల్ని తగ్గించి, కొన్నింటిని వేరే టైముకో వేరే టెర్మినల్‌కో మార్చారు. దాంతో రద్దీ దిగొచ్చింది. అంటే జనం ఎక్కువైపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట. అందరినీ ఒకే వేళకి, ఒకే ఇరుకు దారిలోకి పంపడం అసలు కారణం.

మనవాళ్లకి క్యూ కొత్త కాదు. తిరుమలలో గంటల తరబడి కంపార్ట్‌మెంట్లలో ఉంటాం. కానీ అక్కడ ‘వీళ్లు ఎదురుచూస్తారు’ అని ముందే ఒప్పుకుని ఏర్పాట్లు చేశారు. కూర్చోడానికి చోటుంది, బాత్రూములున్నాయి, పాలు, అన్నం తెచ్చి పెడతారు. విమానాశ్రయాల్లో సెక్యూరిటీ క్యూలో అరవై అయిదేళ్ల మనిషి కాసేపు చతికిలబడదామన్నా కుర్చీ ఉండదు. కుర్చీలన్నీ క్యూ దాటాక, షాపుల పక్కన ఉంటాయి.

ఇక దారి. టీ3లో చివరి గేట్ల దాకా వెళ్లాలంటే పెద్దవాళ్లకి పావుగంట, ఇరవై నిమిషాలు నడక. బోర్డులు హిందీ, ఇంగ్లిష్‌లో. పైగా ఇప్పుడు పెద్ద విమానాశ్రయాలన్నీ ‘సైలెంట్’. ఫలానా విమానం, ఫలానా గేట్ అని మైకులో పదే పదే చెప్పడం తగ్గించేశారు. చెవులకి హాయి, నిజమే. కానీ గేటు మారితే ఆ సంగతి స్క్రీన్ మీదే కనిపిస్తుంది. స్క్రీన్ చదవలేని మనిషికి ఆ నిశ్శబ్దమే ప్రమాదం. కూర్చున్న చోటే కూర్చుంటారు, విమానం వెళ్లిపోతుంది.

అందుకే పిల్లలు టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ టిక్ పెడుతున్నారు. రోజూ ఐదు కిలోమీటర్లు వాకింగ్ చేసే నాన్నకి కూడా! అమెరికాలో దిగగానే కుర్చీలోంచి లేచి చకచకా నడిచిపోయే మనవాళ్ల మీద రీల్స్ బోలెడున్నాయి. నవ్వొస్తుంది. కానీ ఆ అమ్మకి కావాల్సింది చక్రాల కుర్చీ కాదు, దారి చూపించే మనిషి. ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఏం అడిగాడో అర్థమయ్యేలా చెప్పే మనిషి. ఆ మనిషి కుర్చీ లేకుండా రాడు కాబట్టి, కుర్చీ ఎక్కుతోంది.

దీనికి మూల్యం ఇంకొకరు చెల్లిస్తున్నారు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, నిజంగా అడుగు వేయలేనివాళ్లు అదే వరసలో కుర్చీ కోసం ఎదురుచూడాలి. దొంగ వీల్‌చైర్ అని తిట్టుకుంటే ఈ సమస్య తీరదు. ‘నడవగలను, దారి తెలీదు’ అనే వాళ్లకి ఇంకో ఏర్పాటు కావాలి. విజయవాడ, హైదరాబాద్ నుంచి వచ్చే విమానం దిగేచోట తెలుగు వచ్చిన ఒక్క మనిషి బోర్డు పట్టుకుని నిలబడి, అమెరికా వెళ్లేవాళ్లని గుంపుగా గేటు దాకా తీసుకెళ్తే ఎన్ని కుర్చీలు మిగులుతాయో! యాత్రల బస్సులో గైడ్ చేసే పనే ఇది. రాకెట్ సైన్స్ కాదు.

అప్పటిదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. అమ్మానాన్నల టికెట్ మీరే బుక్ చేస్తుంటే, మూడు వేలు తగ్గుతుందని గంటన్నర గ్యాప్ ఉన్నది తీసుకోకండి. నాలుగు గంటలు ఉండనివ్వండి. టెర్మినల్ నంబర్ ముందు రోజు మళ్లీ చూడండి. ఢిల్లీలో టీ1, టీ3 పక్కపక్కన ఉండవు, రోడ్డు మీద కిలోమీటర్లు తిరిగి వెళ్లాలి. డిజియాత్ర ఉంది కదా అనుకోకండి, అది దేశీయ ప్రయాణానికే. ఎక్కడికి వెళ్లాలి, ఏ విమానం, మీ ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు, కాగితం అయిపోదు.

తిరుగు ప్రయాణం గురించి కూడా ముందే చెప్పండి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా ఢిల్లీలోనే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, గన్నవరం విమానానికి మళ్లీ ఇవ్వాలి. ఇది తెలియక, పెట్టెలు వాటంతట అవే వస్తాయనుకుని బయటికి వచ్చేసేవాళ్లున్నారు.

ఇవన్నీ చేశాక కూడా మీకు భయంగా ఉంటే వీల్‌చైర్ పెట్టండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. కానీ ప్రయాణం అయ్యాక విమానాశ్రయం వాళ్లు పంపే ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒక్క లైను రాయండి: మా అమ్మ నడవగలదు, దారి చూపించే మనిషి లేక కుర్చీ ఎక్కింది అని. పదిమంది, వందమంది రాస్తే కట్టేవాళ్లకి తెలుస్తుంది, తూము ఎక్కడ సన్నగా ఉందో.