పిక్కలు పట్టిన పిల్లవాడు

శీతకాలపు జ్వరములు ముమ్మరించియున్న దినములలో, బాలవైద్యుడైన మిత్రుని యాహ్వానముపై గుంటూరు పట్టణమందలి యొక శిశువైద్యశాలకు పోయి, ఆయన బల్ల ప్రక్కన నొక పూట కూర్చుంటిని. దగ్గుల నడుమ, చీటీల కేకల నడుమ, ఏడేండ్ల మనుమని చంకనెత్తుకొని యొక వృద్ధురాలు లోనికి వచ్చెను.

“నాలుగు రోజులు జ్వరం కాసింది బాబూ. నిన్ననే జారింది. పొద్దున మంచం దిగబోయి కెవ్వుమన్నాడు. కాలు కింద పెట్టనంటున్నాడు. పోలియో కాదు గదా?”

పోలియో మన దేశమును వీడినదని 2014లో ధ్రువీకరింపబడినను, దాని భయము ఆమె తరమువారిని వీడలేదు.

మిత్రుడు తొందరపడలేదు. “ఏం నాన్నా, తలుపుదాకా పోయి వస్తావా?” అని బుజ్జగింపగా, బాలుడు గోడ పట్టుకొని, మోకాళ్ళు వంపక, మడమలు నేల మోపక, మునివ్రేళ్ళపై బిగిసికొని నడిచెను. పిక్కల నదిమినంతనే కాళ్ళు వెనుకకు లాగుకొనెను. తొడల నదిమిన నూరకుండెను. పిదప రబ్బరు సుత్తితో మోకాటిచిప్ప క్రింద తట్టగా కాలు తటాలున నెగిరెను. మడమ వెనుక తట్టినను పాదము అట్లే కదలెను. అది చూచి మిత్రుని ముఖము తేటపడినది. నరములను బాధించు గిలాన్-బారే వ్యాధియందు ఈ స్పందనము సన్నగిల్లును లేక నశించును, బలహీనత పైకి ప్రాకును. ఈ బాలుడో బలము లేక కాదు, నొప్పికి వెరచి నడువకున్నాడు.

1957లో స్వీడను వైద్యుడు లుండ్‌బెర్గ్ వర్ణించిన కండరశోథ మిదియే. ఫ్లూ జ్వరములలో, విశేషించి ‘బి’ రకమునందు, జ్వరము దిగుచుండగా నిది తలయెత్తును. డెంగ్యూ పిదపను కానవచ్చును. ఆడపిల్లలకన్న మగపిల్లలయందే హెచ్చు. రక్తపరీక్షలో సీపీకే యను ద్రవ్యము వందలలో నుండవలసినది వేలకెక్కియుండును. ఆ కాగితము తల్లిదండ్రులను బెదరించినంతగా వ్యాధి పిల్లవానిని బాధింపదని నా కనిపించినది. ఏలయన సాధారణముగా వారము తిరుగకముందే వాడు పరుగెత్తును.

“నూనె పెట్టి తోమమంటారా?”

“గట్టిగా రుద్దకండి మామ్మగారూ. పడుకోనివ్వండి, నీళ్ళు బాగా తాగించండి, నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం వద్దు. మూత్రం కాఫీ డికాషను రంగులో వచ్చినా, కాళ్ళు చచ్చుబడినట్లున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒక్క కాలే వాచినా అర్ధరాత్రైనా తీసుకురండి. వారానికీ తగ్గకపోయినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా కండరాల జబ్బేమైనా ఉందేమో చూడాలి.”

అంతయు విని, ఆమె మూత్రపరీక్షకై సీసా యడిగి తీసికొనెను.