నావా షేవాలో తలుపు వెనుక చోటు

2025 ఫిబ్రవరిలో ఆఫీసు పనిమీద మేమిద్దరం ఇంజనీర్లము ముంబయి నుండి నావా షేవాకు బయలుదేరాము. కొత్త గిడ్డంగి ప్లాను మా సంచిలోనే ఉన్నది. ఒకప్పుడు వాశి మీదుగా చుట్టి వెళ్లేవారము. 2024 జనవరిలో ప్రారంభమైన అటల్ సేతు ఆ శ్రమ తప్పించింది. 21.8 కిలోమీటర్ల వంతెనలో 16.5 కిలోమీటర్లు సముద్రం మీదనే. సేవ్రీ బురదనేలలో ఫ్లెమింగోలు కనిపించినవి గాని, నిలిచి చూచే వ్యవధి లేకపోయినది.

1989లో మొదలైన ఆ రేవు చుట్టూ కంటెయినర్ గిడ్డంగులు అనేకం వెలిశాయి. మేము వెళ్లినచోట ప్రతి తలుపు వెనుక, నేలమీద పసుపురంగు గీతలతో పొడవైన గడి ఉన్నది. లెక్క వ్రాసుకొనే పెద్దమనిషిది పాలమూరు. మా తెలుగు విని దగ్గరకు వచ్చాడు.

“ఇదేమి గడి?” అన్నాము.

“లారీ నీడ సార్. బండిలో ఎంత సరుకుంటదో, దిగినంక అంత జాగ ఆగనీకె కావాలె గద!”

నలభై అడుగుల కంటెయినర్ నేల సుమారు 12 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు. మీటరు వెడల్పు, 1.2 మీటర్ల పొడవు గల ప్యాలెట్లు ఒక వరుస ఎత్తున ఇరవై పడతాయి. దించడం త్వరగానే అవుతుంది. లెక్క, కస్టమ్స్ తనిఖీ ముగిసేదాకా సరుకు కదలదు. ఈలోగా మరో బండి వస్తే ఆ తలుపుకు రెండు గడులు కావాలి. ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి మూడున్నర, నాలుగు మీటర్ల దారి వేరు. ఆ దారిని గడిలో కలిపి లెక్కించరాదు.

మేము కలిపి లెక్కించాము. పాత గిడ్డంగిలో ర్యాకులు ఎక్కువ పట్టాలని తలుపుల వెనుక చోటు కుదించినది మేమే. సరుకు దారిలో ఆగింది. వెనుకకు వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ క్రింద ఒక హమాలీ పాదం నలిగింది. నాలుగు నెలలు మంచం పట్టాడు. విచారణలో డ్రైవరు అజాగ్రత్త అని తేల్చారు. ఆ కాగితం మీద మేమూ సంతకం చేశాము.

ఆ రాత్రి అతిథిగృహంలో ప్లాను పరచి రెండు వరుసల ర్యాకులు కొట్టివేశాము. నిల్వ తగ్గినందుకు సంజాయిషీ అడుగుతారు. అక్కడే వ్రాసుకొన్నాము, మొదటి వాక్యం ఆ డ్రైవరు గురించి.