మారుపేరు చాలదు

స్త్రీల అనుభవాల మీద వచ్చిన పరిశోధన గ్రంథం ఏది తెరిచినా ముందుమాటలో దాదాపు ఒకే వాక్యం కనిపిస్తుంది. 'ఇందులోని స్త్రీల పేర్లు, ఊళ్ల పేర్లు మార్చాం.' ఆ వాక్యం రాసినవాళ్లకి ఒక బాధ్యత తీరినట్టుంటుంది. చదివేవాళ్లకి నమ్మకం కలుగుతుంది. కానీ పేరు మారింది పుస్తకంలో మాత్రమే. అసలు పేరు ఎవరో ఒకరి కంప్యూటర్లో, ఒక ఫోల్డర్లో, ఆ మనిషి గొంతుతో సహా అలాగే ఉంటుంది. ఎవరికి ఏ మారుపేరు పెట్టారో మర్చిపోకుండా రాసుకున్న పట్టిక కూడా ఆ పక్కనే ఉంటుంది. ఆ కంప్యూటర్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు ఎక్కించారో చాలామందికి తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించదు.

సాహిత్య పత్రికలో సాఫ్ట్‌వేర్ గొడవేమిటని మీకు అనిపించవచ్చు. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, కంప్యూటర్ నిపుణురాలిని కాను. అయినా స్త్రీలు నమ్మి చెప్పిన మాటలే మనలో చాలామందికి పరిశోధన సామగ్రి కాబట్టి ఈ గొడవ మనదే అనుకుంటున్నాను.

కొన్నాళ్ల కిందట మేము నలుగురం కలిసి రాయలసీమ పల్లెల్లో, పెళ్లిలో హింసను భరించి బయటపడ్డ స్త్రీల కథనాలు రికార్డు చేశాం. మొత్తం 22 మంది. అందులో కొందరు అమ్మకి కూడా చెప్పని సంగతులు మాకు చెప్పారు. మా బృందంలో కథనాలన్నీ ఒకచోట చేర్చే పని ఒక సహోద్యోగి చూసేది. ఆమె గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరర్. బిల్లు నెలల తరబడి రాదు. పాత ల్యాప్‌టాప్‌ని కాలేజీ పక్కనున్న రిపేరు షాపులో ఇస్తే నాలుగొందలకి విండోస్, ఆఫీస్ అన్నీ ఎక్కించి ఇచ్చారు. తర్వాత పీడీఎఫ్ దిద్దే ప్రోగ్రాం కావాలంటే ఆ షాపు కుర్రాడే పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఎక్కించేముందు యాంటీవైరస్ ఆపేశాడు. 'అది ఊరికే అరుస్తాది మేడమ్' అన్నాడట.

అది ఊరికే అరవలేదు. కొద్దివారాలకి ఒకరోజు పొద్దున్న ఆమె ఫైళ్లన్నిటి చివరా అర్థంకాని నాలుగక్షరాలు చేరాయి. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్లోనూ ఒక ఉత్తరం ఉంది. 980 డాలర్లు కడితే తాళం తీస్తాం, మూడు రోజుల్లో కడితే సగమే అని. అది స్టాప్ లేదా డెజావూ అని పిలిచే కుటుంబానికి చెందినదని తర్వాత తెలిసింది. 2018 నుంచి ప్రపంచమంతా తిరుగుతున్న ఆ రకం ముఖ్యంగా వ్యాపించేది ఉచితంగా దొరికే దొంగ సాఫ్ట్‌వేర్ ద్వారానే.

రికార్డింగుల కాపీలు వేరే హార్డ్‌డిస్కులో ఉన్నాయి కాబట్టి పని పోలేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా పిన్ని కొడుకు, ఈ రంగంలో పనిచేసేవాడు, వచ్చి చూసి, 'అక్కా, తాళం వెయ్యడం చిన్న సంగతి. దానితోపాటు పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేది కూడా ఒకటి వస్తుంది' అన్నాడు. చూస్తే మా సహోద్యోగి మెయిల్‌ని ఎవరో వేరే దేశం నుంచి తెరిచారు. ఆ మెయిల్‌లో కథనాలున్నాయి. మారుపేర్ల పట్టిక కూడా ఉంది. తెరిచినవాళ్లు అవి చూశారా, చూస్తే వాళ్లకి తెలుగు తెలుసా, కాపీ చేసుకున్నారా? ఈ ప్రశ్నలకి జవాబు లేదు. ఇంట్లో దొంగ పడితే ఏం పోయిందో తెలుస్తుంది. ఇక్కడ వస్తువు మన దగ్గరే ఉంటుంది, పోయిందో లేదో మాత్రం ఎప్పటికీ తెలీదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లకి కంపెనీ తాళంచెవి లాంటి అంకెల వరస ఒకటి ఇస్తుంది. ప్రోగ్రాం దాన్ని సరిచూసుకుంటుంది. ఆ సరిచూసుకోవడాన్ని తప్పించడానికి ప్రోగ్రాంలో చేసే మార్పే 'క్రాక్'. ఆ మార్పు చేసిన మనిషి ఎవరో మనకు తెలీదు. దాన్ని ఎక్కించడానికి మనం కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇస్తాం, కాపలా కుక్కలాంటి యాంటీవైరస్‌ని మనచేత్తోనే కట్టేస్తాం. ఇక ఆ వచ్చినవాడు తనతోపాటు ఇంకొకరిని లోపలికి తీసుకొస్తే ఆపేదెవరు? బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, తెరిచి ఉంచిన మెయిల్, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు నిమిషాల్లో బయటికి పోతాయి. దొంగ విండోస్‌తో మరో చిక్కుంది. దొరికిపోతామన్న భయంతో అప్‌డేట్లు ఆపేస్తుంటారు. 2017 మేలో 'వానాక్రై' ప్రపంచాన్ని వణికించినప్పుడు దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది. అది వేసుకోని కంప్యూటర్లే చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. వాటిలో దొంగ కాపీలున్నాయని నేననడం లేదు. అప్‌డేట్ లేని తలుపు ఎవరింటిదైనా ఒకటే.

ఆ స్త్రీలకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మాలో పెద్ద చర్చే జరిగింది. ఏం జరిగిందో మనకే తెలియనప్పుడు వాళ్లని భయపెట్టడం ఎందుకన్నారు ఒకరు. ఆ మాటలో దయ ఉంది. కానీ ఆడవాళ్లకి వాళ్ల జీవితం గురించిన వార్తని 'భయపడతారు' అని దాచే పని ఇన్నాళ్లూ ఇంటి పెద్దలు చేశారు కదా, అదే పని ఇప్పుడు మనం చెయ్యాలా అని నేనన్నాను. చివరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాం.

చాలామంది మమ్మల్నే ఓదార్చారు. ఒకామె మాత్రం బియ్యం చెరగడం ఆపి చాలాసేపు మాట్లాడలేదు.

'నా పేరు గూడా ఉండాదా దాంట్లో?'

'ఉందక్కా.'

'ఊరి పేరు?'

'అదీ ఉంది.'

'పుస్తకంలో పేరు మారుస్తామంటిరి గదమ్మా. పెట్టెలో మార్చల్యాదా?'

మా దగ్గర సమాధానం లేదు. కాసేపటికి ఆమే మళ్లీ అంది. 'మా ఆయనకి ఇయన్నీ తెలీవు. మా మరిది కొడుకు ఐదరాబాదులో కంప్యూటర్ పనే చేస్తాండాడు.' అమెరికా దొంగో, రష్యా దొంగో ఆమెకి లెక్కలేదు. ఆమె భయం మరిది కొడుకు గురించి. వేల మైళ్ల దూరంలో ఉన్నవాడు చూస్తే అదొక ఫైలు. సొంత మనిషి చూస్తే ఆమె బతుకే తారుమారు. తన కథనం తీసెయ్యమని ఆమె అడిగింది. తీసేశాం. మేం విన్నవాటిలో అంత స్పష్టంగా, అంత ధైర్యంగా తన కథ చెప్పినవాళ్లు మరొకరు లేరు. ఆ కథ ఇక ఎవరూ చదవరు.

స్త్రీవాదులకి గోప్యతతో ఎప్పుడూ సూటి సంబంధం లేదు. 'నాలుగు గోడల మధ్య సంగతి' అన్న మాట హింసించే మగవాడికి గొడుగు పట్టింది కాబట్టి ఆ గోడల్ని బద్దలుకొట్టమన్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పటినుంచీ స్త్రీలు నోటితో చెప్పిన మాటల్ని చరిత్రగా గౌరవించడం నేర్చుకున్నాం. ఇంకోపక్క, స్త్రీకి తన శరీరం మీద, తన ఏకాంతం మీద హక్కుందని గట్టిగా చెప్పిన తీర్పుల్లో ఒకటి మన హైకోర్టుదే. భర్త దగ్గరికి వెళ్లి కాపురం చెయ్యమని భార్యని ఆదేశించే వీలు కల్పించిన హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ చెల్లదని 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పిచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పడానికి 2017 దాకా పట్టింది. ఈ రెండు పాఠాలూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటే. మౌనంగా ఉండమని ఇతరులు శాసించడం వేరు, ఎవరికి ఎంత చెప్పాలో తను నిర్ణయించుకోవడం వేరు. ఆమె మాకు చెప్పింది, లోకానికి కాదు.

ఇలా చెప్పుకున్న మాటలకి బజారులో ధర ఉందని ఫిన్లాండ్ అనుభవం చూపించింది. అక్కడ వాస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు దొంగల చేతికి చిక్కాయి. 2020 అక్టోబరులో డబ్బు కట్టకపోతే మీరు డాక్టరుతో చెప్పుకున్నవన్నీ బయటపెడతామని రోగులకే విడివిడిగా బెదిరింపు ఉత్తరాలు వెళ్లాయి. బాధితులు సుమారు 33,000 మంది. అక్కడ కారణం దొంగ సాఫ్ట్‌వేర్ కాదు, సరైన కాపలా లేకపోవడం. కానీ దెబ్బ తగిలింది మాత్రం కాపలా పెట్టని సంస్థకంటే ముందు, నమ్మి చెప్పినవాళ్లకే.

'బహుళజాతి కంపెనీల సాఫ్ట్‌వేర్ ఊరికే వాడుకుంటే తప్పేముంది?' అని వామపక్ష మిత్రులు అడుగుతుంటారు. ఆ కంపెనీల లాభాల గురించి నాకూ బెంగ లేదు. గెస్టు లెక్చరర్ ఒక నెల జీతంలో ఎంత భాగం లైసెన్సుకి పోతుందో కూడా తెలుసు. అందుకే మా సహోద్యోగిని నేను తప్పుపట్టలేను. పరిశోధన చెయ్యమంటూనే పనిముట్లు ఇవ్వని సంస్థలది ఆ తప్పు. కానీ మనం ఊరికే వాడుకున్నదానికి ఖరీదు కంపెనీ కట్టడం లేదు. బియ్యం చెరుగుతూ కూర్చున్న ఆమె కడుతోంది. ఆమెని ఎవరూ అడగలేదు.

ఈ ముప్పు పరిశోధకుల గది దాటి అచ్చు దాకా ఉంటుంది. తెలుగు పుస్తకాలు ఎన్నో ఏళ్లు పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. దాని ఏడో వెర్షన్ వచ్చింది 2001లో. ఆ తర్వాత కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. మన డీటీపీ సెంటర్లు మాత్రం ఇంకా వదల్లేదు. కాపీల మీద కాపీలుగా అది ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. అలాంటి కంప్యూటర్లోకి అసలు పేర్లతో ఉన్న కథనాన్ని టైపింగుకి పంపి, ప్రూఫులో పేర్లు మార్చుకుందాంలే అనుకునేవాళ్లని నేను చూశాను.

దారులు లేకపోలేదు, అవి ఖరీదైనవీ కావు. లినక్స్, లిబ్రే ఆఫీస్ చట్టబద్ధంగానే ఉచితం. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మండలి, గిడుగు, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు. ఫోల్డర్‌కి గట్టి తాళం వేసే వెరాక్రిప్ట్ కూడా ఉచితమే. కథనాన్ని రాసుకునేటప్పుడే, మొదటి ప్రతిలోనే పేర్లు మార్చాలి. మారుపేర్ల పట్టిక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. పని అయిపోయాక గొంతులు ఉంచాలా, చెరిపెయ్యాలా అన్నది చెప్పినవాళ్లనే అడగాలి.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకి షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు మనకీ ప్రభుత్వానికీ మధ్య సంగతి. చెప్పిన స్త్రీకీ మనకీ మధ్య అలాంటి సెక్షన్ ఏదీ లేదు. పరిశోధన పథకానికి డబ్బు అడిగేటప్పుడు ప్రయాణ ఖర్చులు, టైపింగు ఖర్చులు రాస్తాం. ఇకనుంచి ఆ పద్దులో ఈ కాపలా ఖర్చు కూడా రాద్దాం. ఇవ్వమంటే ఎందుకివ్వరో లిఖితపూర్వకంగా అడుగుదాం.