జొహానెస్‌బర్గ్ వెళ్తున్నారా?

మా పిన్ని కొడుకు ఉద్యోగం మీద జొహానెస్‌బర్గ్ వెళ్తున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా.

అక్కడ సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల అద్దాలు పగలగొట్టి బ్యాగులు లాక్కుపోతుంటారు. కారెక్కే ముందే బ్యాగు డిక్కీలో పెట్టేయండి, ఫోను ఒళ్లో పెట్టుకోకండి. ఏటీఎం దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లు కార్డు మార్చేస్తారు, ఎవరి చేతికీ ఇవ్వకండి. విమానాశ్రయం నుంచి నగరంలోని శాండ్టన్ ప్రాంతానికి గౌట్రెయిన్ అనే రైలు ఉంది, పగలు దిగితే అదే మేలు. చీకటి పడ్డాక నడక వద్దు. పోలీసులకు 10111, సెల్ నుంచి 112.

ఎవరైనా ఆయుధం చూపిస్తే మాత్రం ఎదురు తిరగొద్దు, అడిగింది ఇచ్చేయండి. ఫోను, పర్సు మళ్లీ కొనుక్కోవచ్చు. మీ ప్రాణం మీద ఇక్కడ ఎంతమంది ఆశలు పెట్టుకున్నారో గుర్తుంచుకోండి.