నర్సింగు సీటు - ఫీజు కాక అడగాల్సినవి

మొన్న సంక్రాంతికి తుళ్లూరు వెళ్ళినప్పుడు మా వీధి చివరి బాబాయ్ ఇంటికొచ్చాడు. బంధువేం కాదు, నా చిన్నప్పుడు మా మిరప చేలో కోతలకొచ్చేవాడు. రాజధాని కోసం 2015లో పొలాలు ఇచ్చేశాక ఊళ్ళో కూలి పనులు తగ్గి, ఆటోలెక్కి వేరే ఊళ్ళకి కోతలకి పోతున్నారు. మనవరాలు ఇంటర్ బైపీసీ అట.

"నర్సింగులో వేద్దామనుకుంటున్నాం బాబూ. డబ్బులు దండగ కావు గదా?" అన్నాడు.

పాతికేళ్ళప్పుడైతే "కళ్ళు మూసుకుని చేర్పించు, మంచి డిమాండు" అనేవాణ్ణి. మా పిన్ని వాళ్ళకి అలాగే చెప్పాను మరి.

పిన్ని కూతురు జీఎన్ఎమ్ చదివింది. మూడేళ్ళు, ఫీజూ హాస్టలూ కలిపి రెండు లక్షల పైనే అయింది, సగం అప్పు. దాని క్లాసులో ఎక్కువమంది కూలీల పిల్లలూ, కౌలు రైతుల పిల్లలూ, ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాళ్ళూ. చదువయ్యాక ఓ చిన్న నర్సింగ్ హోములో తొమ్మిది వేలకి చేరింది. రెండేళ్ళ బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే. యాభై పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20,000కి తగ్గకూడదని కేంద్రం వేసిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసే!

ఓసారి సర్కారు ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపించాల్సి వచ్చింది. వాళ్ళివ్వలేదు. "అన్నయ్యా, నువ్వొచ్చి మాట్లాడవా" అని ఫోను చేసింది. నేనేమో రిలీజు హడావుడిలో ఉండి "కొన్నాళ్ళు సర్దుకోవే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

ఆ తర్వాత తెలిసింది ఇంకోటి. తుళ్లూరుకి దగ్గర్లోనే మంగళగిరి ఎయిమ్స్ ఉంది కదా, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసరు మూలవేతనమే 44,900. జీఎన్ఎమ్ వాళ్ళూ పరీక్ష రాయొచ్చు, కానీ కనీసం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. మా చెల్లి పనిచేసిన చోట ఇరవై పడకలు. అంటే ఆ రెండేళ్ళూ లెక్కలోకే రావు!

అమెరికాలో ఉన్నప్పుడు మా స్నేహితుడి భార్య హెచ్4 మీద ఉంటూ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగు చేసింది. అక్కడా క్లాసు నిండా పగలు షాపుల్లో పనిచేసేవాళ్ళూ, పిల్లల తల్లులూ. నాకు నచ్చిందేమిటంటే, ఏ కాలేజీ నుంచి ఎంతమంది మొదటిసారే లైసెన్సు పరీక్ష పాసయ్యారో అక్కడి రాష్ట్ర నర్సింగు బోర్డులు బయటపెడతాయి. చేరకముందే చూసుకోవచ్చు. మన గుంటూరు రోడ్ల మీది కాలేజీ ఫ్లెక్సీల్లో ఫొటోలు చూశాను గానీ ఇలాంటి అంకె ఎప్పుడూ చూళ్ళేదు.

అందుకని బాబాయ్‌కి ఈసారి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. కాలేజీకి గుర్తింపు ఉందా? పిల్లలు ప్రాక్టీసు చేసే ఆసుపత్రికి ఎన్ని పడకలు? పోయినేడు బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడెక్కడ, ఎంత జీతానికి చేస్తున్నారు? మూడోదానికి కాలేజీ వాళ్ళ మాట నమ్మకుండా ఆ పిల్లల్నే అడగమన్నాను.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వూ రారాదూ, ఇంగ్లీషులో అడిగితే చెప్తారు" అన్నాడు. రెండు రోజులు సెలవు పొడిగించాను. ఇంజనీరింగు సీటంటే కటాఫులూ ప్లేస్‌మెంట్లూ గంటసేపు చెప్పే మనం, ఊళ్ళో వాళ్ళు నర్సింగు గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తాం. మీరూ అంతేనా?